బండి గేటు దాకానే: ఖరగ్‌పూర్ నుంచి సిమిలిపాల్‌కు

చలి మొదలైతే ఖరగ్‌పూర్ మథురాకాటి రైల్వే క్వార్టర్లలో ఒకటే ముచ్చట: పడకలూ పొయ్యీ ఉన్న వ్యాను అద్దెకు తీసుకుని ఒడిశాలోని సిమిలిపాల్ అడవికి పోదామని. పాసు చూపించి రైలెక్కడం మనకు అలవాటు. రోడ్డు మీద కాగితాల లెక్క వేరు.

అద్దె బండి సరైనదేనా, ఎలా తెలుస్తుంది?

నంబరు ప్లేటే చెబుతుంది. డ్రైవరుతో వచ్చే బండికి పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు, మనమే నడుపుకునే అద్దె బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు. తెల్ల ప్లేటు సొంత వాడకానికి మాత్రమే. "ఎవరడిగినా మా బావ బండని చెప్పండి" అని యజమాని నేర్పుతుంటే అక్కడే దండం పెట్టి వచ్చేయండి. పర్మిట్ లేకుండా కిరాయికి తిప్పితే మోటారు వాహనాల చట్టం 192ఎ కింద తొలిసారికే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీకి అదే సాకు. పాత టెంపోలో మంచాలు బిగించిన బండైతే ఆ మార్పు ఆర్‌సీలో ఎక్కిందో లేదో చూడండి. లోధాశూలి దాటి బహరాగోడా దగ్గర జార్ఖండ్, ఆ తర్వాత ఒడిశా. ఒక్క పూటలో మూడు రాష్ట్రాలు. ఆలిండియా టూరిస్టు పర్మిట్ ఉందో లేదో ముందే అడగాలి.

కారు లైసెన్సు చాలా?

ఆర్‌సీలో స్థూల బరువు 7,500 కిలోల లోపుంటే చాలు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది.

ఈ అద్దె ఎల్‌టీసీలో (సెలవు ప్రయాణ రాయితీ) వస్తుందా?

రాదు. ప్రైవేటు అద్దె బండి ఖర్చు ఇవ్వరు.

అడవిలో వ్యాన్‌లోనే పడుకోవచ్చా?

అందరూ అడిగేది ఇదే. కుదరదు. సిమిలిపాల్‌లో 845.70 చదరపు కిలోమీటర్లు 2025లో జాతీయ పార్కు అయింది, అంతకుముందే పులుల అభయారణ్యం. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం లోపలికి అడుగు పెట్టడానికే అనుమతి కావాలి. బారిపదా వైపు పిఠాబటా గేటు, జషిపూర్ వైపు మరో గేటు. పొద్దున్నే పోవాలి, చీకటి పడకముందే బయటపడాలి. రాత్రి ఉండాలంటే జామువాణి, గుర్‌గుడియా లాంటి అటవీ శాఖ శిబిరాల్లో ముందే గది బుక్ చేసుకోవాలి. ఇంతెత్తు వ్యాను ఆ దారులకు పనికిరాదు. బారిపదాలో పెట్టేసి చిన్న బండెక్కడమే మేలు. పొయ్యి వెలిగించడం, చెత్త పారేయడం, జంతువుల్ని కవ్వించడం నేరాలు. పులిహోర పొట్లం విప్పినా ఆకు మళ్లీ సంచిలోకే. వానాకాలమంతా పార్కు మూత.

డిపాజిట్ తిరిగివ్వకపోతే?

నిరుడు అద్దె బండి మా చేతికొచ్చేనాటికే వెనక తలుపు మీద వేలెడు గీత ఉంది. ఫొటో తీయలేదు, యజమాని డిపాజిట్‌లో నాలుగు వేలు కోసుకున్నాడు. తాళం చెవి తీసుకునే ముందే టైర్లు, నీళ్ల ట్యాంకు కుళాయి, మీటరు అంకె సహా వీడియో తీసి యజమానికే వాట్సాప్‌లో పంపండి. రసీదు మీద 'డిపాజిట్' అన్న మాట ఉండాలి, 'అడ్వాన్సు' అని కాదు. మొండికేస్తే ముందు 1915కు ఫోను, ఆపైన మేదినీపూర్‌లోని జిల్లా వినియోగదారుల కమిషన్. బండివాడు కలకత్తావాడైనా మీరుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు.