పాటల ఊరిలో ఒక పూట

బస్సు ఆగింది

తెల్లవారింది. బస్సు తంజావూరు చేరింది.

బస్సులో ఇరవై మంది ఆడవాళ్లు ఉన్నారు. అందరిదీ నెల్లూరు జిల్లాలో ఒకే పల్లె. అందరూ ఒకే పొదుపు సంఘం. రెండేళ్లు కూడబెట్టిన డబ్బుతో రామేశ్వరం బయలుదేరారు. దారిలో ఒక పూట తంజావూరులో ఆగాలని ముందే అనుకున్నారు.

తంజావూరు తమిళనాడులో ఉంది. చెన్నై నుంచి సుమారు 340 కిలోమీటర్లు. చుట్టూ కావేరి నీళ్లతో పండే వరి పొలాలు. వరికి ఎంత పేరో, సంగీతానికీ అంత పేరు ఈ ఊరికి.

అందరూ బస్సు దిగారు. దుకాణాల మీద బోర్డులు చూశారు. ఒక్క అక్షరం కూడా తెలియలేదు. అన్నీ తమిళం.

"ఇదేందమ్మా! కష్టపడి చదువు నేర్చుకుంటే, ఇక్కడికొచ్చి మళ్లా వేలిముద్రల వాళ్లమైపోయాం" అంది పెద్దమ్మ. అందరూ నవ్వారు.

పెద్దమ్మకు అరవై దాటాయి. యాభై ఎనిమిదో ఏట అక్షరాలు దిద్దింది. ఇప్పుడు సంఘం పుస్తకంలో సంతకం తనే పెడుతుంది.

"అంకెలు మారలేదు కదత్తా! టీ పది రూపాయలు. అదిగో చూడు" అంది కోడలు.

నిజమే. అంకెలు తెలిస్తే సగం ధైర్యం. బస్సు నంబరు, వస్తువు ధర, గది నంబరు ఏ ఊళ్లో అయినా చదువుకోవచ్చు.

గోడ మీద పేర్లు

ముందు పెద్ద గుడికి వెళ్లారు. దాన్ని బృహదీశ్వరాలయం అంటారు. రాజరాజ చోళుడు కట్టించాడు. 1010లో పూర్తయింది. అంటే వెయ్యేళ్లు దాటింది. గోపురం ఎత్తు దాదాపు 200 అడుగులు. 1987లో ఐక్యరాజ్యసమితి సంస్థ యునెస్కో ఈ గుడిని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది.

గుడి గోడల నిండా రాతలు చెక్కి ఉన్నాయి. గుడిలో ఒక గైడు కలిశాడు. అతనికి తెలుగు వచ్చు.

"ఈ రాతల్లో ఏముంది బాబూ? దేవుడి మంత్రాలా?" అని అడిగింది పెద్దమ్మ.

"కాదమ్మా. ఎక్కువగా లెక్కలు. ఎవరు ఏం ఇచ్చారు, ఎవరికి ఎంత జీతం, అన్నీ రాశారు. ప్రాకారం మీద 400 మంది ఆడవాళ్ల పేర్లు కూడా ఉన్నాయి" అన్నాడు గైడు.

అందరూ దగ్గరికి జరిగారు.

ఆ నాలుగు వందల మంది గుడిలో ఆడేవాళ్లు. రాజు వాళ్లను వేరే వేరే ఊళ్ల గుడుల నుంచి ఇక్కడికి తెప్పించాడు. గుడి పక్క వీధుల్లో ఇళ్లు ఇచ్చాడు. ఒక్కొక్కరి పేరు, ఏ ఊరి నుంచి వచ్చింది, ఏ వీధిలో ఎన్నో ఇల్లు, అన్నీ రాతి మీద చెక్కించాడు. ఒక్కొక్కరికి ఒక భాగం. ఒక భాగం అంటే ఏడాదికి నూరు కలాల వడ్లు వచ్చే పొలం ఆదాయం. కలం అనేది పాతకాలపు కొలత. ఒకామె చనిపోతే ఆ పని, ఆ భాగం దగ్గరి బంధువుకు రావాలని కూడా రాసి ఉంది.

"పేరు ఉంది. ఇంటి నంబరు ఉంది. గింజల లెక్క ఉంది. ఇది మన రేషన్ కార్డు లాగుందే!" అంది కోడలు.

పెద్దమ్మ నవ్వలేదు. రాతి మీద చెయ్యి పెట్టి నిలబడింది.

"వెయ్యేళ్ల కిందటి ఆడవాళ్ల పేర్లు ఈరోజుకీ ఉన్నాయి. మా అమ్మ పేరు ఎక్కడుంది? పట్టాలో లేదు. పుస్తకంలో లేదు. నేను పోతే ఆ పేరు చెప్పేవాళ్లే ఉండరు" అంది.

ఎవరూ మాట్లాడలేదు. ఎవరి అమ్మ ఆ మనిషికి గుర్తొచ్చింది.

ఒక మాట మాత్రం మనం గుర్తుంచుకోవాలి. ఆ గోడ మీద ఆడవాళ్ల పేర్లు ఉన్నాయి. వాళ్ల మాటలు లేవు. వాళ్లను తెచ్చింది రాజు. రాయించింది రాజు. ఇక్కడికి రావడం వాళ్లకు ఇష్టమో కాదో రాతి మీద లేదు. మన పేరు ఇంకొకరు రాయడం ఒకటి. మన మాట మనమే రాయడం ఇంకొకటి.

పనస చెట్టు పలికింది

తరువాత వీణలు చేసే చోటికి వెళ్లారు. తంజావూరు వీణ దేశమంతా ప్రసిద్ధి. 2013లో ఈ వీణకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే వేరే చోట చేసిన వీణను 'తంజావూరు వీణ' అని అమ్మకూడదు.

వీణను పనస చెక్కతో చేస్తారు. బాగా ఆరిన చెక్క కావాలి. ముందు చెక్కను తొలిచి పెద్ద కుండలాగా చేస్తారు. దానికి పొడుగాటి దండి ఉంటుంది. దండి చివర కింద ఒక బుర్ర అమరుస్తారు. దండి మీద మైనం వేసి, అందులో 24 లోహపు మెట్లు నిలబెడతారు. ఒక్కో మెట్టు ఒక్కో స్వరం. మెట్టు కొంచెం జరిగినా స్వరం తప్పుతుంది. అందుకే చెవితో విని సరిచేస్తారు. మొత్తం ఏడు తీగలు. నాలుగు పాట వాయించడానికి. మూడు తాళం వెయ్యడానికి. మొత్తం వీణను ఒకే చెక్కతో చేస్తే దాన్ని 'ఏకాండ వీణ' అంటారు.

ఒకప్పుడు తంజావూరును నాయక రాజులు ఏలారు. వాళ్లది తెలుగు. వాళ్ల పాలన 1673తో ముగిసింది. వాళ్లలో రఘునాథ నాయకుడు సంగీతం తెలిసినవాడు. వీణకు 24 మెట్లు అతని కాలంలోనే స్థిరపడ్డాయని చెబుతారు. అతని కొలువులో చదువుకున్న ఆడవాళ్లు ఉన్నారు. రామభద్రాంబ అనే ఆమె సంస్కృతంలో పెద్ద కావ్యం రాసింది. అతని కొడుకు కొలువులో రంగాజమ్మ తెలుగులో పుస్తకాలు రాసింది. వీళ్లు తమ మాట తామే రాసిన ఆడవాళ్లు. నాలుగు వందల ఏళ్ల కిందటే!

నాయక రాజుల తరువాత మరాఠా రాజులు వచ్చారు. ఊళ్లో సరస్వతీ మహల్ అనే గ్రంథాలయం ఉంది. అందులో వందల తెలుగు తాటాకు పుస్తకాలు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి.

కావేరి ఒడ్డున తెలుగు పాట

తంజావూరుకు 13 కిలోమీటర్ల దూరంలో తిరువయ్యారు ఉంది. బస్సు అక్కడికి వెళ్లింది. కావేరి ఒడ్డున చిన్న ఊరు.

వీధిలో నడుస్తుంటే ఒక ఇంట్లో నుంచి పాట వినిపించింది. పిల్లలు పాడుతున్నారు. కోడలు ఠక్కున ఆగింది.

"అత్తా! ఆ పాట విను. రాముడు అంటున్నారు. మన తెలుగు మాటలే!"

తమిళ ఊళ్లో తెలుగు పాట. ఎలా వచ్చింది?

ఈ ఊళ్లో త్యాగరాజు ఉండేవాడు. 1767లో తిరువారూరులో పుట్టాడు. వాళ్ల పూర్వీకులు తెలుగువాళ్లు. ఇంటిపేరు కాకర్ల. ఆయన వీధుల్లో పాడుతూ, ఇంటింటా బియ్యం అడిగి, దానితోనే బతికాడు. రాజు కొలువుకు పిలిచినా వెళ్లలేదని చెబుతారు. 1847లో ఈ ఊళ్లోనే కన్నుమూశాడు. ఆయన పాటలు దాదాపు 700 ఇప్పుడు మనకు దొరుకుతున్నాయి. చాలావరకు తెలుగు పాటలే.

ఆయన పాడేవాడు. శిష్యులు విని నేర్చుకునేవారు. కొందరు రాసి పెట్టారు. వాలాజాపేట వెంకటరమణ భాగవతారు అనే శిష్యుడు చాలా రాశాడు. ఆయన ఇంటి మాట తెలుగు కాదు, సౌరాష్ట్ర భాష. అయినా ఓపికగా రాశాడు. ఆ రాతలు మధురైలో భద్రంగా ఉన్నాయి. రాసినవి నిలిచాయి. రాయనివి ఎన్ని పోయాయో లెక్క లేదు.

పాటల టీచరు ఆడవాళ్లను లోపలికి రమ్మంది. పిల్లల నోటుపుస్తకాలు చూపించింది. అక్షరాలు తమిళం. మాటలు తెలుగు. తమిళంలో క, ఖ, గ, ఘ అన్నిటికీ ఒకటే అక్షరం. అందుకని పిల్లలు అక్షరం పక్కన చిన్న అంకె వేసుకుంటారు. ఆ అంకెను చూసి 'క' అనాలో 'గ' అనాలో తెలుసుకుంటారు.

"అమ్మో! మనకు ఒత్తులు కష్టం అనుకున్నాం. ఈ బిడ్డలు రాని భాషను ఇంత కష్టపడి నేర్చుకుంటున్నారే!" అంది పెద్దమ్మ.

వెనక కూర్చుని పాడిన ఆడవాళ్లు

నది ఒడ్డున త్యాగరాజు సమాధి ఉంది. ఏటా పుష్య బహుళ పంచమి నాడు అక్కడ ఆరాధన జరుగుతుంది. వందల మంది కలిసి అయిదు పెద్ద పాటలు పాడతారు. వాటిలో నాలుగు తెలుగు. ఒకటి సంస్కృతం. ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసి పాడతారు.

ఒకప్పుడు అలా లేదు. అక్కడ ఆడవాళ్లను పాడనివ్వలేదు.

సమాధికి ఎదురుగా ఒక ఆడమనిషి విగ్రహం ఉంది. ఆమె పేరు బెంగళూరు నాగరత్నమ్మ. 1878లో మైసూరు ప్రాంతంలో, దేవదాసీ కుటుంబంలో పుట్టింది. ఆ రోజుల్లో కొన్ని కుటుంబాల ఆడపిల్లలను దేవుడికి అంకితం చేసేవారు. వాళ్లకు ఆట, పాట, చదువు నేర్పేవారు. కానీ లోకం వాళ్లను చిన్నచూపు చూసేది. 1947లో మద్రాసు రాష్ట్రంలో చట్టం చేసి ఆ పద్ధతిని నిషేధించారు.

నాగరత్నమ్మకు కన్నడం, తెలుగు, సంస్కృతం వచ్చు. పాటతో పేరు, డబ్బు సంపాదించింది. పుస్తకాలు బాగా చదివేది. తంజావూరులో పూర్వం ముద్దుపళని అనే కవయిత్రి ఉండేది. ఆమె రాసిన తెలుగు కావ్యాన్ని నాగరత్నమ్మ 1910లో మళ్లీ అచ్చు వేయించింది. అందులో శృంగారం ఎక్కువ ఉందని కొందరు పెద్దలు తప్పుపట్టారు. ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. మగవాళ్లు అలా రాస్తే తప్పు కానిది, ఆడది రాస్తే తప్పెలా అయిందని నాగరత్నమ్మ వాదించింది. ముప్పై ఏళ్లు దాటాక, టంగుటూరి ప్రకాశం పంతులు ప్రభుత్వ కాలంలో ఆ నిషేధం పోయింది.

1921లో ఆమెకు ఒక సంగతి తెలిసింది. త్యాగరాజు సమాధి పాడుబడి ఉందని. ఆమె మద్రాసు నుంచి వచ్చింది. తన సొంత డబ్బు పెట్టింది. చుట్టూ ఉన్న స్థలం కొన్నది. సమాధి చుట్టూ గుడి కట్టించింది.

గుడి కట్టింది ఆమె. కానీ ఆరాధనలో పాడే హక్కు ఆమెకు లేదన్నారు. అప్పుడు ఆరాధన చేసే మగవాళ్లు రెండు జట్లు. రెండు జట్లూ ఆడవాళ్లను రానివ్వలేదు.

ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. 1927లో ఆడవాళ్లతో ఒక జట్టు కట్టింది. గుడి వెనక పక్క కూర్చుని వాళ్లు పాడారు. ఒక ఏడాది కాదు, ఏటా పాడారు. చివరికి 1940 ప్రాంతంలో మూడు జట్లూ ఒకటయ్యాయి. అప్పటి నుంచి ఆడవాళ్లు ముందు కూర్చుని పాడుతున్నారు. నాగరత్నమ్మ 1952లో తిరువయ్యారులోనే కన్నుమూసింది.

పెద్దమ్మ ఆ విగ్రహానికి దణ్ణం పెట్టింది. "మనది కూడా జట్టే కదమ్మా" అంది.

బస్సులో ఒక పాట

మధ్యాహ్నం బస్సు బయలుదేరింది. చాలామంది నిద్రపోయారు. పెద్దమ్మ నిద్రపోలేదు.

"కోడలా, నీ నోటుపుస్తకం ఇలా ఇయ్యి."

"ఖర్చుల లెక్క రాస్తావా అత్తా?"

"కాదు. మా అమ్మ నాట్లు వేసేటప్పుడు ఒక పాట పాడేది. అది నాకొక్కదానికే వచ్చు. రాస్తాను."

బస్సు కుదుపులకు అక్షరాలు వంకర పోయాయి. రెండుచోట్ల ఒత్తు తప్పింది. కోడలు దిద్దబోయింది. "నువ్వు పాడు, నేను రాస్తాను" అంది.

"వద్దు. నేనే రాస్తా" అంది పెద్దమ్మ.

పేజీ పైన ముందుగా వాళ్ల అమ్మ పేరు రాసింది. కింద పాట రాసింది. రామేశ్వరం చేరేలోగా పాట పూర్తయింది.

కొత్త మాటలు

ప్రాకారం: గుడి చుట్టూ ఉండే గోడ
మెట్టు: వీణ మీద వేలు నొక్కే చోట ఉండే లోహపు కడ్డీ
ఆరాధన: గొప్పవారిని తలచుకుని ఏటా చేసే పూజ
నిషేధం: ఒక పనిని చేయకూడదని ఆపడం

కలిసి మాట్లాడుకోండి

1. గుడి గోడ మీద ఆడవాళ్ల పేర్లతో పాటు ఇంకా ఏమేమి రాశారు?
2. తమిళ పిల్లలు తెలుగు పాటను ఎలా రాసుకుంటున్నారు?
3. నాగరత్నమ్మను పాడవద్దన్నప్పుడు ఆమె ఏం చేసింది? ఒంటరిగా ఉంటే గెలిచేదా?
4. మీ ఊళ్లో ఆడవాళ్లను ఇప్పటికీ ముందుకు రానివ్వని చోట్లు ఉన్నాయా? ఏం చేస్తే బాగుంటుంది?
5. మీ ఇంటి పట్టాలో, పాసుపుస్తకంలో ఎవరి పేరు ఉంది? చూసి చెప్పండి.

రాయండి

మీ అమ్మ పేరు రాయండి. అమ్మమ్మ పేరు రాయండి. వాళ్లు పాడిన ఒక పాట మీకు గుర్తుంటే, గుర్తున్నంత వరకు రాయండి. తప్పులు పోయినా ఫరవాలేదు. తరువాత దిద్దుకోవచ్చు. రాయకుండా వదిలేస్తే దిద్దడానికి ఏమీ మిగలదు.