మజిలీకి హద్దులు

మజిలీ అన్న మాట మనకు ఉర్దూ 'మంజిల్' నుండి వచ్చినది. బాటసారి పగలు నడచి రాత్రి బస చేయు చోటు మజిలీ. సత్రములోనో సరాయిలోనో గాక, పరుల భూమిలో గుడారము వేసికొని ఒక రాత్రి నిద్రించు హక్కు బాటసారికి కలదా? ఇంగ్లండులో ఈ ప్రశ్న ఇటీవల అత్యున్నత న్యాయస్థానము వరకు పోయినది.

ఆ దేశపు నైరుతి భాగమున డార్ట్‌మూర్ అను విశాలమైన బీడుభూమి ఉన్నది. పశువులు మేయు ఆ బయళ్ళు చాలవరకు ప్రైవేటు యజమానుల సొత్తు. ప్రజలు ఆరుబయటి వినోదమునకై 'కాలినడకన, గుఱ్ఱముపై' అచ్చట ప్రవేశింపవచ్చునని 1985 నాటి చట్టము చెప్పినది. నిద్ర మాట ఎత్తలేదు. ఇరువురు యజమానులు దానినే పట్టుకొన్నారు. గుడారములో పడుకొనుట నడకయగునా, స్వారీయగునా? 2023 జనవరిలో హైకోర్టు వారి పక్షము వహించినది. అదే ఏడు జూలైలో అప్పీలు కోర్టు ఆ తీర్పును త్రోసివేసినది. 2025 మే నెలలో సుప్రీంకోర్టు ప్రజల హక్కును స్థిరపరచినది. 'కాలినడకన' అన్నది ఎట్లు రావలెనో తెలుపునే గాని, వచ్చిన పిమ్మట నిద్రింపరాదని చెప్పదని ఆ తీర్పు సారము. విభక్తుల చర్చ వట్టి పరీక్షలకేనని తలచు మన విద్యార్థులు దీనిని చదువవలెను!

అయినను యజమానుల భయము నిరాధారమని నేననను. ఆ నేలలో చాలభాగము పీట్, అనగా వేల ఏండ్లుగా పేరుకొన్న మొక్కల మన్ను. ఒకసారి అంటుకొన్నచో పైకి ఆరినట్లు కనిపించినను లోపల రగులుచునే యుండును. కావున నెగడు వేయుట నిషిద్ధము. గుడారము బాటకు, ఇండ్లకు ఎడముగా నుండవలెను. ఒకే తావున 2 రాత్రులకు మించరాదు. నార్వేలో 1957 నాటి చట్టము ఇంటికి 150 మీటర్ల లోపల గుడారము తగదని కొలత చెప్పియే పెట్టినది.

ఈ హక్కు నడచువానిదే, బండిది కాదు. పడకలమర్చిన వ్యానులవారు తరచు ఇచ్చటనే పొరబడుదురు. స్కాట్లండులో 2003 నాటి చట్టము గుడారమునకు చోటిచ్చియు మోటారు వాహనములను మినహాయించినది. వీపున మోయగలిగినంతతో వచ్చినవాడు తెల్లవారి జాడ లేక పోవును. బండి దారినే ఆక్రమించును. ఇరుకు బాటలపై ఎదురు బండికై వెడల్పు చేసిన చోట రాత్రి నిలుపరాదు. పొలము గేటు ముందు అసలే కూడదు; గొఱ్ఱెలు ఈనుకాలమున రైతు ఏ జామునైనను రావచ్చును.