లారీ ప్రమాదములు – నష్టపరిహారపు హక్కు
(పంచాయతీ సభ్యులకు పాఠము)

గోదావరి డెల్టాలో కాలువయు బాటయు జంటగా నడచుచుండును. ధవళేశ్వరము ఆనకట్ట దిగువన కాలువగట్లే అనేక గ్రామములకు రహదారులైనవి. ఒకప్పుడు పడవలమీద సాగిన ధాన్యము, కొబ్బరి నేడు లారీలమీద సాగుచున్నవి. రావులపాలెము అరటిగెలలు, కడియము మొక్కలు, భీమవరము చేపలు, రొయ్యలు రాత్రింబవళ్లు దూరప్రాంతములకు తరలిపోవుచున్నవి. రాజమహేంద్రవరము ప్రక్కగా 16వ నంబరు జాతీయ రహదారియు, కత్తిపూడినుండి కాకినాడ, అమలాపురము, నరసాపురముల మీదుగా 216వ నంబరు రహదారియు సాగుచున్నవి. ఈ రాకపోకలు మన పంటకు ధర తెచ్చినవి. వానితోపాటు ప్రమాదములను గూడ తెచ్చినవి.

లారీ క్రింద పడి ఇంటియజమాని మరణించినచో ఆ కుటుంబము మొదట వచ్చునది సర్పంచి యింటికో, వార్డు సభ్యుని యింటికో. అప్పటికి వకీలు లేడు, కోర్టు లేదు. ఆ మొదటి పది దినములలో మనమిచ్చు సలహాను బట్టి ఆ పిల్లల చదువు, ఆ వృద్ధుల తిండి నిర్ణయమగును. కావున ఈ విషయమున చట్టమేమి చెప్పుచున్నదో పంచాయతీ సభ్యులు తెలిసికొనియుండుట అవసరము.

ఈ హక్కు ఎట్లు వచ్చినది?

పూర్వము ఇట్టి కుటుంబములు 1855 నాటి ప్రాణాంతక ప్రమాదముల చట్టము క్రింద సివిలు కోర్టులో దావా వేయవలసియుండెను. కోర్టు రుసుము భరించి, ఏండ్లతరబడి తిరుగుట పేదలకు సాధ్యమయ్యెడిది కాదు. 1939 నాటి మోటారు వాహనముల చట్టమునకు 1956లో సవరణ జరిగి, పరిహారపు కేసులకై ప్రత్యేక ట్రిబ్యునళ్లను స్థాపించుటకు వీలు కలిగినది. ఆ చట్టము స్థానమున 1988 నాటి చట్టము వచ్చి 1989 జూలై 1 నుండి అమలులో నున్నది. 2019లో దానికి పెద్ద సవరణలు జరిగినవి. వానిలో పరిహారమునకు సంబంధించిన భాగములు 2022 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినవి.

రోడ్డుపై నడచు ప్రతి వాహనమునకు ఇతరులకు కలుగు నష్టము నిమిత్తము బీమా ఉండితీరవలెనని చట్టము శాసించుచున్నది. కాబట్టి పరిహారము కోరుట యజమానిని యాచించుట కాదు. ఆ ప్రమాదమునకై ముందుగనే బీమా కంపెనీ రుసుము తీసికొనియున్నది.

రెండు కేసులు వేరు వేరు

మన గ్రామములలో తరచుగ కనబడు పొరపాటు ఒకటి కలదు. పోలీసువారు డ్రైవరుపై కేసు పెట్టిరి కదా, అందులోనే డబ్బు వచ్చునని కుటుంబమువారు వేచియుందురు. అది నేరవిచారణ. డ్రైవరుకు శిక్ష పడినను కుటుంబమునకు బీమా సొమ్ము దానంతటదియే రాదు. అతడు నిర్దోషిగా విడుదలైనను పరిహారపు కేసు పోదు. పరిహారమునకు ట్రిబ్యునలు ముందు వేరుగ అర్జీ పెట్టుకొనవలెను. నేరవిచారణలో కావలసినంత గట్టి రుజువు ఇచ్చట అవసరము లేదు. ఏది ఎక్కువ సంభవమో చూచి ట్రిబ్యునలు తీర్పు చెప్పును.

అర్జీ ఎక్కడ పెట్టవలెనన్నది బాధితుల ఇష్టము. ప్రమాదము జరిగిన చోటనైనను, తాము నివసించు చోటనైనను, ప్రతివాది నివసించు చోటనైనను పెట్టవచ్చును. కోనసీమ కూలీ ఒరిస్సా సరిహద్దున మరణించినను, లారీ రాజస్థానముదైనను, అతని భార్య తన ప్రాంతపు ట్రిబ్యునలులోనే కేసు నడుపుకొనవచ్చును. జిల్లా న్యాయమూర్తులే సామాన్యముగా ఈ ట్రిబ్యునళ్లను నిర్వహింతురు.

ఆరునెలల గడువు

ఈ పాఠములో ముఖ్యముగ గుర్తుంచుకొనవలసినది ఇది. 1994లో చట్టమును సవరించినప్పుడు అర్జీకి కాలపరిమితి తీసివేయబడినది. అందుచేతనే "ఎప్పుడు వేసినను పరవాలేదు" అను మాట గ్రామములలో స్థిరపడినది. అది ఇప్పుడు చెల్లదు. 2022 ఏప్రిల్ 1 నుండి, ప్రమాదము జరిగిన ఆరునెలల లోపల అర్జీ వేయవలెనను నియమము తిరిగి వచ్చినది. ఈ నియమము చెల్లుబాటును సుప్రీంకోర్టులో ప్రశ్నించియున్నారు. ఆ వివాదము ఎట్లు ముగిసినను, ఆరునెలలలోపున అర్జీ వేసినవారికి ఏ చిక్కును ఉండదు. సంవత్సరీకము అయిన తరువాత చూతమనుకొనువారికి మనమే ముందుగ హెచ్చరిక చేయవలెను.

ప్రమాదమును గూర్చి పోలీసువారు విచారించి మూడునెలలలో ట్రిబ్యునలుకు నివేదిక పంపవలెను. ఆ నివేదికనే అర్జీగా స్వీకరించుటకు ట్రిబ్యునలుకు అధికారము కలదు. అయినను దానినే నమ్ముకొని ఊరకుండుట మంచిది కాదు.

ఎంత పరిహారము?

పరిహారము న్యాయమూర్తి దయపై ఆధారపడినది కాదు. దానికొక లెక్క కలదు. 2009లో సరళా వర్మ కేసునందును, 2017లో ప్రణయ్ సేఠీ కేసునందును సుప్రీంకోర్టు ఈ లెక్కను స్థిరపరచినది.

ఉదాహరణకు 32 ఏండ్ల తాపీ పనివాడు నెలకు 12,000 రూపాయలు సంపాదించుచుండెననుకొందము. ఇంట భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి కలరు.

ఏడాది సంపాదన: 1,44,000 రూపాయలు.
40 ఏండ్లలోపు వాడగుటచే, ముందు ముందు సంపాదన పెరుగునని నూటికి 40 వంతున కలుపవలెను: 57,600. మొత్తము 2,01,600.
ఆధారపడినవారు నలుగురు గనుక అతని స్వంత ఖర్చుక్రింద నాలుగవ వంతు తీసివేయవలెను: 50,400. మిగిలినది 1,51,200.
31 మొదలు 35 ఏండ్ల వయస్సునకు గుణకము 16. కావున 1,51,200ను 16చే హెచ్చింపగా 24,19,200 రూపాయలు.

అంత్యక్రియల ఖర్చు, భార్యాబిడ్డలు పొందవలసిన ఆదరణ కోల్పోయినందుకు ఇచ్చు మొత్తములు దీనికి అదనము. వడ్డీయు ఇప్పింతురు. వయస్సు పెరిగినకొలది గుణకము తగ్గును. 15 మొదలు 25 ఏండ్లకు 18, 46 మొదలు 50 ఏండ్లకు 13, 65 దాటినవారికి 5.

ఇంటిపని చేయు స్త్రీకి సంపాదన లేదని ఎవరైన వాదించినచో ఆ వాదము నిలువదు. గృహిణి శ్రమకు విలువకట్టి పరిహారమీయవలెనని 2021లో కీర్తి కేసునందు సుప్రీంకోర్టు స్పష్టపరచినది. కాలుసేతులు పోగొట్టుకొన్నవారి విషయమున అంగవైకల్యము నూటికి ఎంత అని మాత్రమే కాక, దానివలన వారి వృత్తి ఎంత దెబ్బతిన్నదో చూడవలెను. కొబ్బరిచెట్టు ఎక్కువానికి పాదము పోవుటయు, దుకాణమున కూర్చుండువానికి పాదము పోవుటయు ఒకటి కాదు.

అయిదు లక్షల విషయములో జాగ్రత్త

తప్పు ఎవరిదని రుజువు చేయకుండగనే మరణమునకు 5 లక్షలు, తీవ్రగాయమునకు రెండున్నర లక్షలు పొందుటకు చట్టములోని 164వ సెక్షను వీలు కల్పించుచున్నది. తప్పు ఎవరిదో తేలని సందర్భమున ఇది గొప్ప ఆసరా. కాని 149వ సెక్షను పద్ధతిననుసరించి బీమా కంపెనీ ఇవ్వజూపిన ఈ సొమ్మును అంగీకరించినచో ట్రిబ్యునలులోని అర్జీ రద్దగును. పై ఉదాహరణములోని కుటుంబము తొందరపడి అయిదు లక్షలకు సంతకము చేసినచో పందొమ్మిది లక్షలకు పైగా వదలుకొనినట్లగును. కావున లెక్క చూచుకొననిదే సంతకము చేయరాదు.

ఇంతకన్న అపాయకరమైనది రచ్చబండ రాజీ. శవము ఇంకను ఆసుపత్రిలో నుండగనే లారీ యజమాని మనుష్యులు వచ్చి, కొంత సొమ్ము చేతిలోపెట్టి, కాగితముపై వేలిముద్ర వేయించుకొందురు. పెద్దలు సాక్షి సంతకములు చేయుదురు. ఆ కాగితము తరువాత ప్రతివాదుల చేతిలో ఆయుధమగును. పంచాయతీ సభ్యుడెవ్వడును అట్టి కాగితముపై సాక్షిగా నుండరాదని మా సలహా. అంత్యక్రియలకు యజమాని సహాయము చేయదలచినచో చేయవచ్చును, కాని దానికి హక్కును తాకట్టు పెట్టనక్కర లేదు.

గుద్ది పారిపోయిన లారీ

లారీ నంబరు తెలియకపోయినను చేయదగినది కలదు. గుర్తుతెలియని వాహనముచే మరణించినవారి కుటుంబమునకు 2 లక్షలు, తీవ్రగాయపడినవారికి 50,000 రూపాయలు ఇచ్చు పథకము 2022 ఏప్రిల్ 1 నుండి అమలులో నున్నది. రెవిన్యూ శాఖలోని విచారణాధికారికి అర్జీ పెట్టుకొనవలెను. జిల్లా స్థాయిలో మంజూరు జరుగును. పోలీసు కేసు నమోదు కానిచో ఇదియు కష్టము.

సరకు లారీమీద ప్రయాణము

మన ప్రాంతమునకు ఇది మిక్కిలి బాధాకరమైన అధ్యాయము. 2015 సెప్టెంబరు 14 తెల్లవారుజామున తూర్పుగోదావరి జిల్లా గండేపల్లివద్ద బూడిదలోడు లారీ బోల్తాపడి, దానిపై ప్రయాణించుచున్న కూలీలలో పదిహేనుమందికి తక్కువకాకుండ ప్రాణములు కోల్పోయిరి. 2024 సెప్టెంబరులో దేవరపల్లి మండలమున జీడిగింజల బస్తాలతో పోవుచున్న చిన్న లారీ రాత్రివేళ తిరుగబడి, బస్తాల క్రింద చిక్కుకొని ఏడుగురు కూలీలు మరణించిరి.

ఇట్టి సందర్భములలో చట్టము మూడు తరగతులను గుర్తించుచున్నది. సరకు యజమానియో అతని ప్రతినిధియో సరకుతో ప్రయాణించినచో బీమా వర్తించును. ఆ వాహనముపై కొలువుండు డ్రైవరు, క్లీనరు, ఎగుమతి దిగుమతి హమాలీ ఉద్యోగులుగా పరిహారము పొందవచ్చును. వారు కార్మికుల పరిహారపు దారినో, ట్రిబ్యునలు దారినో ఒకదానిని మాత్రమే ఎంచుకొనవలెను. దారిలో చేయియెత్తి ఎక్కిన ప్రయాణికునికి మాత్రము బీమా కంపెనీ బాధ్యత లేదని 2002 డిసెంబరులో ఆశారాణి కేసునందు సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అప్పుడు యజమాని ఒక్కడే బాధ్యుడగును. కొన్ని తరువాతి కేసులలో బీమా కంపెనీ ముందు చెల్లించి యజమానినుండి రాబట్టుకొనవలెనని కోర్టులు ఆదేశించినవి గాని, ఆ మేలు అందరికి దక్కునని చెప్పలేము.

కాబట్టి కూలీ ఏ పనిమీద, ఎవరి తరపున ఆ లారీ ఎక్కెనను విషయము పోలీసు మొదటి నివేదికలోనే సత్యముగా వ్రాయించుట ముఖ్యము. బస్తాలు ఎత్తుటకై తీసికొనిపోబడిన హమాలీని "ప్రయాణికుడు" అని వ్రాసినచో కుటుంబము ఆ ఒక్క మాటకు జీవితాంతము మూల్యము చెల్లించవలసివచ్చును. లేని సంబంధమును కల్పించి వ్రాయించుటయు తగదు. అది విచారణలో బయటపడి నిజమైన హక్కును గూడ చెరచును.

పంచాయతీ సభ్యులు చేయదగిన పనులు

1. ముందు ప్రాణరక్షణ. 108కి కబురుచేసి గాయపడినవారిని చేర్పించవలెను. సద్బుద్ధితో సహాయము చేసినవారిని చట్టము కాపాడుచున్నది. 2025లో ప్రకటించిన పథకము ప్రకారము నియమిత ఆసుపత్రులలో ఏడు దినములవరకు లక్షన్నర రూపాయల చికిత్సను నగదు చెల్లింపకయే పొందవచ్చును.

2. లారీ నంబరు, వాహనము నిలిచిన తీరు, చక్రముల జాడలు ఫోనులో ఫొటో తీయవలెను. నంబరునుబట్టి యజమాని, బీమా వివరములు పోలీసు ఠాణానుండియు రవాణా కార్యాలయమునుండియు పొందుటకు బాధితులకు హక్కు కలదు.

3. ఎఫ్.ఐ.ఆర్., శవపంచనామా, పోస్టుమార్టము నివేదిక, గాయముల పత్రము నకళ్లు సేకరింపజేయవలెను. మందుల రసీదులు ఒక్కటియు పోనీయరాదు.

4. మరణమును అది సంభవించిన చోటనే నమోదు చేయించవలెను. రాజమహేంద్రవరము ఆసుపత్రిలో మరణించినవారి నమోదు మన పంచాయతీలో జరుగదు. వారసుల ధృవపత్రమునకు తహసీలుదారునకు అర్జీ పెట్టించవలెను.

5. సంపాదనకు ఆధారములు చూపవలెను. బ్యాంకు పుస్తకము, పని చేయించుకొన్న రైతు లేక మేస్త్రీ సాక్ష్యము పనికివచ్చును. ఏమియు లేనిచో కనీసవేతనపు రేట్లను ట్రిబ్యునలు ఆధారముగ తీసికొనవచ్చును.

6. దళారుల చేతిలో పడకుండ జిల్లా, మండల న్యాయసేవా సంస్థలకు త్రోవ చూపవలెను. స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచితముగ వకీలును ఇత్తురు. 15100 నంబరుకు ఫోను చేయవచ్చును. లోకదాలతులో రాజీ త్వరగ ముగియును, కాని దానిపై అప్పీలు లేదు గనుక లెక్క సరిచూచుకొని ఒప్పుకొనవలెను.

7. సొమ్ము వచ్చిన తరువాత మైనరు పిల్లల భాగము బ్యాంకు డిపాజిటులో నుండునట్లు ట్రిబ్యునలు ఆదేశించును. దానిని కదల్చుటకు బంధువులు ఒత్తిడి చేసినచో సభ్యులు అడ్డుపడవలెను.

ప్రమాదము రాకుండ చూచుట అన్నిటికన్న మేలు. రోడ్లపై ధాన్యము ఆరబోయుట, వెనుక దీపములేని ట్రాక్టరు తొట్లను రాత్రివేళ నిలుపుట ప్రాణములు తీయుటయే గాక, పరిహారములో బాధితుని తప్పుక్రింద కొంత భాగము కోతపడుటకు గూడ కారణమగును. కళ్లములకు స్థలము చూపుట, కూలీలకు సరియైన వాహనము ఏర్పాటు చేయుమని గుత్తేదారులను పట్టుబట్టుట పంచాయతీ చేతిలోని పనులే.

సభలో చర్చింపవలసిన ప్రశ్నలు

గత ఆరునెలలలో మన గ్రామమున ప్రమాదమునకు గురియైన కుటుంబములెన్ని? వారిలో అర్జీ వేయనివారెవరు? వారి గడువు ఏ తేదీతో ముగియును? పొలము పనులకు మన కూలీలు ఏ వాహనములపై పోవుచున్నారు? ఆ వాహనములకు బీమా కలదా? ఈ ప్రశ్నలకు రాబోవు సమావేశముననే జవాబులు వ్రాసికొని, గడువు సమీపించిన కుటుంబమునొద్దకు ముందుగ పోవుదురుగాక.