ఆ అబ్బాయి పేరెత్తు

ముందు ఆ టీ తాగవే, చల్లారిపోతోంది. మిలటరీలో కొడుకును పోగొట్టుకున్న మీ చుట్టాలావిడ ఇంటికి వెళ్లాలి, వెళ్లి ఏం మాట్లాడాలో తెలియట్లేదు, అంతేగా నీ దిగులు? అబ్బాయి పేరెత్తితే ఎక్కడ ఏడుస్తుందోనని మనందరికీ భయమే. అందుకే ఎండల గురించి మాట్లాడతాం, మిర్చి రేటు మాట్లాడతాం, లేచి వచ్చేస్తాం.

నాకు 2025 మే నెల గుర్తొస్తుంది. ఆపరేషన్ సిందూర్ మొదలైన వారం. నందిగామలో మా ఎదురింటావిడ కొడుకూ అప్పుడు సరిహద్దులోనే ఉన్నాడు. పెనుగంచిప్రోలు తిరుపతమ్మకు మొక్కుకుని, ఫోను చేతిలోంచి దించకుండా తిరిగేది పాపం. మే 9 తెల్లవారుజామున నియంత్రణ రేఖ దగ్గర పాకిస్తాన్ కాల్పుల్లో మురళీ నాయక్ పోయాడని టీవీలో వచ్చింది. ఇరవైల్లో ఉన్న కుర్రాడు, అగ్నివీరుడు. శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లి తండా వాళ్లది. మన జగ్గయ్యపేట, నందిగామ రాష్ట్రానికి ఈ కొసన ఉంటే వాళ్లది ఆ కొస. అయినా ఎదురింటావిడ పొయ్యి మీద కూర మాడిపోతున్నా కదల్లేదు. నేనే వెళ్లి స్టవ్ కట్టేశా.

మర్నాడు సాయంత్రానికి కాల్పులు ఆపేశామన్నారు. ఒక్క రోజే తేడా! 11న, ఆదివారం, అంత్యక్రియలు. ఆ రోజు మదర్స్ డే. బతుకుతెరువుకు ముంబై దాకా వెళ్లి కూలి చేసుకున్న అమ్మానాన్నలకు ఒక్కగానొక్క బిడ్డ. తండాల్లో అమ్మను యాడి అంటారు. ఆ పిలుపు పిలిచేవాడే లేకపోయాడు.

రాష్ట్ర ప్రభుత్వం వాళ్లకి 50 లక్షలు, 5 ఎకరాల పొలం, 300 గజాల స్థలం, తండ్రికి ఉద్యోగం ప్రకటించింది. కావలసినవే, కాదనను. విధుల్లో చనిపోయిన అగ్నివీరుడి ఇంటికి 48 లక్షల బీమా, 44 లక్షల ఎక్స్‌గ్రేషియా, నాలుగేళ్ల సర్వీసులో మిగిలిన కాలానికి జీతం ఇస్తారు. మామూలు జవాను ఇంటికొచ్చే కుటుంబ పెన్షన్ మాత్రం అగ్నివీరుల పథకంలో లేదు. అదేం లెక్కో నాకు బుర్రకెక్కదు. తూటాకు ఆ తేడా తెలుసా ఏంటి?

సరే, మన చేతిలో ఉన్నది చూద్దాం. దినాలప్పుడు ఎటూ ఇల్లు నిండా జనమే. నువ్వు నెల తిరిగాక వెళ్లు. ఉత్త చేతులతో కాదు, క్యారేజీలో అన్నం, పప్పు, కాస్త పెరుగు పట్టుకెళ్లు. ఆధార్‌లో ఒకలా, బ్యాంకు పాస్‌బుక్కులో ఒకలా పేరుంటే డబ్బు దగ్గర ఇబ్బంది పడతారు, కూర్చుని సరిచూడు. సైనిక సంక్షేమ కార్యాలయానికి ఆవిణ్ణి ఒక్కదాన్నే పంపకు, నువ్వూ బస్సెక్కు.

ఇక మాటలంటావా? "దేశం కోసం పోయాడు, ఏడవకూడదు" అని మాత్రం అనొద్దమ్మా. ఏడవనీ. ఒకప్పుడు నేనూ ఇలాంటి ఇంటికెళ్లి, గోడ మీద దండేసిన ఫొటో చూసీ చూడనట్టు కూర్చున్నా. చెప్పులేసుకుంటుంటే ఆ తల్లే గుమ్మం దాకా వచ్చి, "మావాడు గోంగూరలోకి పచ్చి ఉల్లిపాయ లేకపోతే కంచం ముందు కూర్చునేవాడు కాదు" అంది. అంతసేపూ ఆ మాట నోట్లో పెట్టుకుని కూర్చుందన్నమాట, ఎవరైనా అడుగుతారేమోనని. చెప్పులు విప్పి మళ్లీ లోపలికెళ్లా. బడి ఎగ్గొట్టి చెరువులో ఈదడం, మొదటి జీతంతో చెల్లికి గజ్జెల పట్టీలు కొనడం... రెండు గంటలు చెప్పింది. మధ్యలో ఏడ్చింది, నవ్వింది కూడా.

కాబట్టి అబ్బాయి పేరు పెట్టే అడుగు. సెలవుకొస్తే ముందేం వండమనేవాడు, ఎవరితో తిరిగేవాడు అని. పుట్టినరోజు ఎప్పుడో కనుక్కుని క్యాలెండర్లో రాసుకో. పోయిన రోజు అందరికీ గుర్తుంటుంది, పుట్టినరోజుకి ఎవరొస్తారు చెప్పు?

మా ఎదురింటావిడ సంగతా? వాళ్లబ్బాయి క్షేమంగానే ఉన్నాడు. వాడు ఫోను చేసిన ప్రతిసారీ ఆవిడ వెంటనే నాకో మిస్‌డ్ కాల్ ఇస్తుంది. నేను ఎత్తను. మోగితే చాలు.