కన్యాశుల్కం అంటే ఏది?

చిరంజీవి చిన్నోడికి,

తెలుగు పుస్తకాల వివరాలను సెమాంటిక్ వెబ్ పద్ధతిలో కలిపి యాప్ తయారుచేస్తున్నావని తెలిసి చాలా సంతోషించాను. ఒక రచయిత పేరు అడిగితే ఆయన రచనలు, వాటి అనువాదాలు, వాటిమీద వచ్చిన సినిమాలు అన్నీ ఒక్కచోట దొరకాలన్న నీ కోరిక నాదీనూ. ఏళ్ల తరబడి గ్రంథాలయంలో కేటలాగు కార్డులు రాసినదాన్ని కదా! అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను.

నమూనాలు గీసే ప్రొటెజేలో అప్పుడే బోలెడు తరగతులు గీసేశానన్నావు. దాన్ని కొన్నాళ్లు మూసిపెట్టు. ముందు ఒక్క పేరు తీసుకో: కన్యాశుల్కం. గురజాడ నాటకం 1892లో విజయనగరంలో ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. తర్వాత ఆయనే దాన్ని బాగా పెంచి, తిరగరాసి 1909లో మళ్లీ అచ్చు వేయించారు. ఈ రెండూ ఒకే రచనకు రెండు కూర్పులా, రెండు రచనలా? 1955లో పి. పుల్లయ్య తీసిన సినిమా పేరూ అదే. డబ్బు పుచ్చుకుని ఆడపిల్లనిచ్చే ఆచారం పేరూ అదే. పాఠకుడు ఆ పేరు కొట్టినప్పుడు వీటిలో దేన్ని అడుగుతున్నాడో నీ యాప్‌కి తెలియాలంటే, ప్రతిదానికీ వేరే యూఆర్ఐ, అంటే వెబ్‌లో దానికంటూ ఒక గుర్తింపు, ఉండాలి, ఒకదానికి మరొకటి ఏమవుతుందో స్పష్టంగా చెప్పాలి. నా మటుకు నాకు 1897, 1909 పాఠాలను ఒకే రచన కిందే, విడివిడి పాఠాలుగా ఉంచాలనిపిస్తుంది. గ్రంథాలయాల అంతర్జాతీయ సమాఖ్య ఇఫ్లా 1998లో ఇచ్చిన నమూనాలో రచన, పాఠం, ముద్రణ, ప్రతి అని నాలుగు మెట్లున్నాయి. అది చదవకుండా సొంత పదజాలం కల్పించకు.

పేర్లు కలిశాయి కదా అని, రెండూ ఒకటేనని చెప్పే ఔల్ సేమ్‌యాజ్ మాత్రం పెట్టకు. ఆ ఒక్క గీతతో నాటకం, సినిమా ఒకే వస్తువైపోతాయి. అప్పుడు పుల్లయ్య నాటకానికి దర్శకుడు, గురజాడ 1915లో పోయినా నాటకం విడుదల 1955లో! చెప్పినదాని నుంచి కొత్త సంగతులు తేల్చే రీజనర్ తప్పు చేయలేదు, నువ్వు చెప్పిందే నమ్మింది.

ఇంకో చిక్కు ఉంది. డేటాబేసు అలవాటున్నవాళ్లంతా ఇక్కడ పడతారు. పుస్తకానికి కర్త ఒక్కరే అని ఔల్‌లో ఫంక్షనల్ ప్రాపర్టీగా రాశావనుకో. పాండవోద్యోగ విజయాలకు తిరుపతి వేంకట కవులైన దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి ఇద్దరినీ ఇచ్చావు. తప్పుందని రీజనర్ హెచ్చరిస్తుందని ఎదురుచూస్తావు. హెచ్చరించదు. ఇద్దరూ ఒకే మనిషని తేలుస్తుంది! పేర్లు వేరైతే మనుషులు వేరనే నియమం దానికి లేదు. అలాగే ప్రతి పుస్తకానికీ కర్త ఉండాలని రాసి, పేరు ఇవ్వకపోయినా ఊరుకుంటుంది, ఎక్కడో ఉండే ఉంటాడనుకుంటుంది. తప్పులు పట్టాలంటే షాకల్ వాడు. 2017లో ప్రమాణంగా వచ్చింది అందుకే.

మనుషులకు, ఊళ్లకు కొత్త గుర్తింపులు నువ్వు సృష్టించనక్కర్లేదు. వికీడేటాలో ఉన్నవాటికి అక్కడి గుర్తింపైన క్యూ సంఖ్యే వాడుకో. దాని సమాచారం ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. కానీ నీ యాప్ ప్రతిసారీ వాళ్ల క్వెరీ సర్వీసునే అడిగేలా పెట్టకు. ఒక ప్రశ్నకు అరవై సెకన్లు దాటితే అది ఆపేస్తుంది. కావలసిన భాగం తెచ్చి జీనాలోనో మరొక స్టోర్‌లోనో పెట్టుకో.

వికీడేటా నుంచి నేర్చుకోవలసింది మరొకటి కూడా ఉంది. వేమన ఏ శతాబ్దివాడో పండితులకు ఏకాభిప్రాయం లేదు. అక్కడ భిన్నమైన కాలాలను ఒకదాని పక్కన ఒకటి, దేనికి ఏది ఆధారమో చెబుతూ ఉంచవచ్చు. నీ యాప్‌లోనూ అలాగే ఉంచు. తెర మీద ఒక్క సంవత్సరమే చూపితే అందంగా ఉంటుందని మిగతావి చెరిపేస్తే, చదివే పిల్లలకు అబద్ధం చెప్పినట్టే. నాకు అది అస్సలు మనస్కరించదు.

తెలుగు అక్షరాల సంగతి చిన్నదే గాని ప్రాణం తీస్తుంది. క్వెరీలు రాసే స్పార్కిల్‌లో భాషా గుర్తు లేని శ్రీశ్రీ వేరు, తెలుగని గుర్తున్న శ్రీశ్రీ వేరు. శ్రీనివాసరావు అని కలిపి రాసినదీ, విడదీసి రాసినదీ కలవవు. కొన్నిచోట్ల పొల్లు తర్వాత కంటికి కనబడని అక్షరం ఒకటి దాక్కుంటుంది. వెతికేముందు రెండు వైపులా ఒకే తీరుకు తెచ్చుకుని, ప్రత్యామ్నాయ రూపాలన్నీ ఆల్ట్‌లేబుల్ కింద చేర్చు. సొంతపేరు, కలంపేరు కూడా అలాగే.

యాప్ తెరల బొమ్మలు ఇప్పుడే పంపకు. కన్యాశుల్కం, తిరుపతి వేంకట కవులు, వేమన, ఈ మూడింటి ట్రిపుల్స్ (మూడు ముక్కల వాక్యాలు) టర్టిల్‌లో చేత్తో రాసి పంపు. వాటితోపాటు గ్రంథాలయానికి వెళ్లి, బల్ల దగ్గర పాఠకులు నిజంగా అడిగే ప్రశ్నలు కొన్ని రాసుకుని రా. వాటికి జవాబు వస్తుందో లేదో ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఇట్లు,
మీ అత్తయ్య