పేపరు చూపించమని అడగండి
ప్రశ్నలు – జవాబులు

టెన్త్ ఫలితాల కాలం కదా, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం మార్కుల గొడవే. అందుకే మిగతా విషయాలను పై సంచికకు వాయిదా వేశాను.

ప్ర: మా అమ్మాయికి టెన్త్‌లో అన్ని సబ్జెక్టుల్లోనూ తొంభై దాటాయి. సోషల్‌లో మాత్రం 41. బాగా రాశానని ఏడుస్తోంది, సరిగ్గా అన్నం తినడం లేదు. రీ వెరిఫికేషన్‌కు వెయ్యి రూపాయలట. వాళ్ళ నాన్నేమో ‘పాసైంది కదా, ఇంకా డబ్బులు తగలేయడం ఎందుకు’ అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, ఒంగోలు

జ: కట్టేయండమ్మా. రేపు ఎల్లుండి అనకండి. గడువు కొద్ది రోజులే ఉంటుంది, ఇవాళే బడికి వెళ్ళి హెడ్మాస్టరు గారిని కలవండి.

అయితే దేనికి కడుతున్నారో తెలుసుకుని కట్టండి. రీకౌంటింగ్ అంటే పేపరులో వేసిన మార్కులను మళ్ళీ కూడటం, అంతే. దానికి సబ్జెక్టుకు 500 రూపాయలు. రీ వెరిఫికేషన్‌కు 1,000. ఇందులో కూడికతో పాటు, లోపలి మార్కులు పై షీటు మీదికి సరిగ్గా ఎక్కాయా, దిద్దకుండా వదిలేసిన జవాబులేమైనా ఉన్నాయా అని చూస్తారు. జవాబు పత్రం నకలు కూడా ఇస్తారు. మీకు కావలసింది ఇదే. పేరు చూసి పేపరంతా మొదటి నుంచి మళ్ళీ దిద్దుతారనుకునేరు, అలా దిద్దరు. ఎనిమిది మార్కుల జవాబుకు మాస్టారు నాలుగే వేశారని మీకు అనిపించినా ఆ నాలుగు నాలుగే. మీ అమ్మాయి విషయంలో అనుమానం అది కాదు. మిగతా వాటిలో తొంభై దాటిన పిల్లకు ఒక్కదాంట్లో 41 వస్తే ముందు కూడికనే అనుమానించాలి.

ఇది ఊరికే అనడం లేదు. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో 66 వేలకు పైగా టెన్త్ పేపర్లను పిల్లలు మళ్ళీ చూపించుకుంటే, 11 వేలకు పైగా పేపర్లలో తేడాలు బయటపడ్డాయి. సోషల్‌లో ఫెయిలని మెమో వచ్చిన ఒక అమ్మాయికి, మళ్ళీ చూస్తే 96 తేలాయి.

మీ వారికి ఇంకో మాట చెప్పండి. టెన్త్ తరవాత చేరే ట్రిపుల్ ఐటీల్లో సీటుకు ప్రవేశ పరీక్ష లేదు, టెన్త్ మార్కుల మీదే ఇస్తారు. ‘పాసైంది కదా’ అన్న మాట అక్కడ పనికిరాదు. జవాబు పత్రం చూడటం పిల్లల హక్కని సుప్రీంకోర్టు 2011లోనే సమాచార హక్కు చట్టం కింద తీర్పు ఇచ్చింది. అడగడానికి మొహమాటపడాల్సిన పని లేదు.

ప్ర: తప్పు దొరికిందంటే చాలు, దిద్దిన టీచర్లను సస్పెండ్ చేస్తున్నారు. ఏప్రిల్ ఎండల్లో స్పాట్ వాల్యుయేషన్‌లో కూర్చుని రోజుకు నలభై పేపర్లు దిద్దుతాం. మా బాధ ఎవరైనా రాస్తారా?
– ఒక స్కూల్ అసిస్టెంట్, కర్నూలు

జ: రాస్తాను మాస్టారూ, కానీ సగమే మీ పక్షాన.

ముందు లెక్క చూద్దాం. ఏడు గంటలు కూర్చున్నా, టీకి కాస్త సమయం తీసేస్తే నలభై పేపర్లకు ఒక్కోదానికి పది నిమిషాలు. ఆంధ్రప్రదేశ్‌లో సోషల్ పేపరులో 33 ప్రశ్నలు: ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. అంటే పది నిమిషాల్లో పిల్లవాడి దస్తూరీతో కుస్తీ పట్టాలి, ముప్పై మూడు చోట్ల మార్కులు వేయాలి, వాటిని పై షీటు మీదికి ఎక్కించాలి, కూడాలి. ఎనిమిది మార్కుల వ్యాసం చదవడానికి ఎన్ని సెకన్లు మిగులుతాయో చెప్పక్కర్లేదు. అందుకే పుట నిండిందా లేదా అని చూసి మార్కులు వేసే అలవాటు పుట్టింది. పిల్లలకూ ఆ సంగతి తెలుసు, అందుకే నింపుతారు.

ఇక మీ పక్షం కాని సగం. 96 రావలసిన చోట ఫెయిలు రావడం అభిప్రాయ భేదం కాదు. అది కూడిక తప్పో, పేజీలు వదిలేయడమో, షీటు మీద ఎక్కించడంలో పొరపాటో అయి ఉండాలి. మీరు దిద్దాక టోటల్ సరిచూడటానికి స్పెషల్ అసిస్టెంట్ ఉంటారు, ఆపైన చీఫ్ ఎగ్జామినర్ ఉంటారు. మూడు చేతులు దాటి ఆ తప్పు బయటికి వచ్చిందంటే ఆ ఇద్దరూ కూడా చూడకుండా సంతకం పెట్టి ఉండాలి. దిద్దిన వారినొక్కరినే సస్పెండ్ చేస్తే ఆ వరసలో మిగతావారిని వదిలేసినట్టే. పైగా సస్పెన్షన్ ఆర్డరు టైపు చేయడానికి పట్టే సమయం, అధికారులు మీకు ఒక్కో పేపరుకు ఇచ్చే సమయం కంటే ఎక్కువే ఉంటుంది!

కూడిక తప్పులకు మందు తేలిక. తెర మీద దిద్దే పద్ధతిలో కూడే పని యంత్రానిది. ఒక జవాబు వదిలేస్తే అది ముందుకు కదలదు. రెండో జబ్బే మొండిది: ఒకే జవాబుకు ఇద్దరు మాస్టార్లు వేరు వేరు మార్కులు వేయడం. 1913లో అమెరికాలో స్టార్చ్, ఇలియట్ అనే ఇద్దరు పరిశోధకులు ఒకే జామెట్రీ జవాబు పత్రాన్ని వందకు పైగా లెక్కల టీచర్లకు పంపారు. 28 నుంచి 92 దాకా మార్కులు వచ్చాయి. లెక్కల్లోనే ఆ గతి అయితే సోషల్ సంగతి ఆలోచించండి. దీనికి ఇప్పటిదాకా తెలిసిన వైద్యం రెండో వ్యక్తి చేత దిద్దించడం, లేదా జవాబు సూచికలో ఏ పాయింటుకు ఎంతో విడగొట్టి చెప్పడం. రెంటికీ సమయం కావాలి. ఆ సమయం ఇమ్మని మీ సంఘాలు అడగాలి. పేపరుకు ఇచ్చే రేటు పెంచమని అడిగినంత గట్టిగా పేపర్ల సంఖ్య తగ్గించమని అడగడం నేను వినలేదు.

ప్ర: మా ఊళ్ళో ఎక్కువ మంది కూలి పనికి వెళ్ళేవాళ్ళే. ఇద్దరు పిల్లలు లెక్కల్లో ఒకటి రెండు మార్కుల్లో తప్పారు. వెయ్యి రూపాయలంటే వాళ్ళ ఇంట్లో మూడు రోజుల కూలి. వీళ్ళ పేపర్లు ఎవరు చూస్తారు?
– ఒక వార్డు సభ్యుడు, మహబూబ్‌నగర్ జిల్లా

జ: ఎవరూ చూడరు. ఈసారి వచ్చిన ఉత్తరాలన్నింటిలోకీ నన్ను ఎక్కువగా ఆపింది ఇదే.

పైన చెప్పిన 66 వేల పేపర్లు డబ్బు కట్టిన వాళ్ళవి. అనుమానం ఉన్నవాళ్ళే కడతారు కాబట్టి వాటిలో ఆరింటికి ఒకటి తప్పు తేలితే, మొత్తం పేపర్లలోనూ అంతే ఉంటుందని చెప్పలేం. ఆ మాట నిజమే. కానీ ఆ ఏడాది ఆరు లక్షల మంది పైచిలుకు రాశారు, ఒక్కొక్కరికి ఆరు సబ్జెక్టులు. మిగిలిన 35 లక్షలకు పైగా పేపర్లను మళ్ళీ ఎవరూ తెరవలేదు. వాటిలో డబ్బు లేక తెరిపించుకోలేనివి ఎన్నో! తప్పు చేసింది దిద్దినవారు, దాన్ని వెతకడానికి రుసుము కట్టేది పిల్లవాడు. ఈ ఏర్పాటుకు ఏ న్యాయం సరిపోతుందో నాకైతే అర్థం కాదు.

ఉచితంగా చేయడం సాధ్యమేనా అంటారేమో. చేశారు కూడా. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లాయి. ఒక అమ్మాయికి తెలుగులో సున్నా వేసి, తరవాత 99గా మార్చారు. ఆ ఫలితాల తరవాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. అప్పుడు ప్రభుత్వం ఫెయిలైన మూడు లక్షల మందికి పైగా పిల్లల పేపర్లన్నింటినీ, ఎవరూ దరఖాస్తు పెట్టకుండానే పైసా తీసుకోకుండా మళ్ళీ చూపించింది. వెయ్యి మందికి పైగా పాసయ్యారు. అంత ఘోరం జరిగాక చేయగలిగిన పని ఏటా ఎందుకు చేయకూడదు? పాసు మార్కు 35కు ఐదు మార్కుల లోపు తప్పిన ప్రతి పేపరునూ ఫలితాలకు ముందే రెండోసారి చూడాలి. పేపరు నకలు ప్రతి పిల్లవాడికీ ఉచితంగా ఇవ్వాలి. పరీక్షల సంస్కరణ అంటూ వచ్చే పెద్ద పెద్ద నివేదికలన్నీ నేను ఈ రెండూ జరిగాకే చదువుతాను.

మీ ఊరి పిల్లల సంగతికి వస్తే, వెయ్యి కట్టలేకపోతే కనీసం ఐదు వందల రీకౌంటింగ్‌కు పంచాయతీలోనో, పూర్వ విద్యార్థుల దగ్గరో చందా వేయండి. సప్లిమెంటరీ ఫీజు మాత్రం వేరే కట్టించండి. రీకౌంటింగ్ ఫలితం కోసం కూర్చుంటే ఆ ఫీజు గడువు దాటిపోతుంది.

ప్ర: గ్రేడ్లు మంచివా, మార్కులు మంచివా? మా అన్నయ్య మెమోలో జీపీఏ ఉంది, నా మెమోలో మార్కులు ఉన్నాయి.
– ఒక విద్యార్థిని, నిజామాబాద్

జ: ఉమ్మడి రాష్ట్రంలో 2012లో గ్రేడ్లు పెట్టారు. పోటీ తగ్గాలని. తగ్గిందా? ‘మా బడిలో ఇంతమందికి 10కి 10 జీపీఏ’ అని ప్రతి కూడలిలో ఫ్లెక్సీ లేచింది. ఆంధ్రప్రదేశ్ 2022లో మళ్ళీ మార్కులకు వెళ్ళింది, మీ దగ్గర 2025లో మెమో మీదికి మార్కులు వచ్చాయి. గ్రేడ్లలో 91 వచ్చిన పిల్లకూ 100 వచ్చిన పిల్లకూ ఒకే పది పాయింట్లు ఇచ్చేవారు, 90 వచ్చిన పిల్లకు తొమ్మిది. ఆ ఒక్క మార్కు ఏ మాస్టారు ఏ మధ్యాహ్నం దిద్దారన్న దాన్ని బట్టి మారిపోతుంది. అందుకని నా ఓటు మార్కులకే. ర్యాంకుల ప్రచారాన్ని మాత్రం నిలువరించాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో దీన్ని నిషేధిస్తూ ఉత్తర్వు వచ్చింది. ఫ్లెక్సీలు మాత్రం పోలేదు.

ప్ర: మా జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంటర్నల్ మార్కులు నిజాయితీగా 13, 15 వేస్తాం. పక్క ప్రైవేటు బడిలో అందరికీ 20కి 20. ఈ ఇరవై మార్కులు ఎత్తేయడమే మేలు కదా?
– ఒక ప్రధానోపాధ్యాయుడు, ఆదిలాబాద్ జిల్లా

జ: ఆంధ్రప్రదేశ్ 2019లో సరిగ్గా ఈ కారణంతోనే ఎత్తేసి మొత్తం వంద మార్కులూ రాతపరీక్షకే ఇచ్చింది. తెలంగాణ 2024 నవంబరులో ఎత్తేస్తున్నామని ప్రకటించి, ఆ వెంటనే ఆ ఏడాదికి వెనక్కి తగ్గింది. ఏడాది నడుమ ఇలా ఆట నియమాలు మార్చడం గురించి రాయాలంటే ఇంకో పేజీ పడుతుంది.

ఎత్తేయడం నాకు నచ్చదు. ప్రాజెక్టు, ప్రయోగం, నోటితో చెప్పడం – ఇవి మూడు గంటల పరీక్షలో ఇమడవు. ఎత్తేస్తే బడిలో అవి మాయమవుతాయి. దొంగ మార్కులను పట్టుకోవడం అంత కష్టమేమీ కాదు. ఒక బడిలో పిల్లలందరికీ ఇంటర్నల్స్ 20కి 20 ఉండి, రాతపరీక్షలో సగటు 80కి 40 కూడా లేకపోతే కంప్యూటరే ఆ బడి పేరు చూపిస్తుంది. ఆ బడి మార్కులను రాతపరీక్ష సగటుకు తగ్గట్టు దించాలి. రెండేళ్ళు అలా దించితే మూడో ఏడు వాళ్ళే సర్దుకుంటారు. అప్పటిదాకా మీరు నిజాయితీగా ఉన్నందుకు మీ పిల్లలు నష్టపోవడం అన్యాయమే. అయినా మీరు 13ను 20 చేయమని నేను చెప్పను.

ప్ర: మా రోజుల్లో టెన్త్ పాసవడమంటే ఊళ్ళో వాళ్ళు చూడ్డానికి వచ్చేవాళ్ళు. ఇప్పుడు అందరూ పాసే. చదువు పలచబడిందంటారా?
– ఒక విశ్రాంత ఉద్యోగి, రాజమహేంద్రవరం

జ: అందరూ పాసవడం లేదండీ. మీ రాష్ట్రం ఉత్తీర్ణతే చూడండి: 2019లో 94.88 శాతం. కరోనా వల్ల తరవాతి రెండేళ్ళూ పరీక్షల్లేకుండా అందరూ పాస్. 2022లో 67.26. 2024లో 86.69. 2025లో 81.14. బడులు మూతబడిన రెండేళ్ళ దెబ్బ 2022 పిల్లల మీద పడిందనేది నిజం. కానీ పిల్లల తెలివి ఇంత వేగంగా పడి లేవదు. పేపరు ఎంత కష్టంగా ఉందో, ఎంత ఉదారంగా దిద్దారో కూడా ఇందులో కలిసి ఉంది. పేపరు కష్టాన్ని ఏటా ఒకే స్థాయిలో ఉంచే పద్ధతి మన బోర్డులకు ఇంకా అలవడలేదు. అందుకే మీ మనవడి 70నీ వాళ్ళక్క 75నీ పోల్చకండి.

ప్ర: సీబీఎస్ఈలో 2026 నుంచి టెన్త్ రెండుసార్లు రాయవచ్చట, మెరుగైన మార్కులే ఉంచుతారట. మనకూ అలా వస్తే బాగుండదా?
– ఒక తండ్రి, హైదరాబాద్

జ: బాగుంటుంది. జ్వరం వచ్చిన రోజు రాసిన పరీక్ష జీవితాంతం మెమోలో ఉండక్కర్లేదు. కాకపోతే ఒకసారి పేపర్లు దిద్దడానికే పైన మాస్టారు చెప్పిన అవస్థ ఉంటే, రెండుసార్లు ఎవరు దిద్దుతారో ముందు తేల్చుకోవాలి.

ప్ర: మా చెల్లెలి కొడుకు టెన్త్ తప్పాడు. నాలుగు రోజులుగా గది తలుపు తీయడం లేదు. ఇంట్లో ఎవరితోనూ మాట్లాడటం లేదు. వాళ్ళ నాన్న తిట్టి ఊరుకున్నాడు. ఏం చేయాలో తెలియడం లేదు.
– ఒక పెద్దమ్మ, గుంటూరు

జ: ఇది చదివిన వెంటనే వాళ్ళింటికి వెళ్ళండమ్మా, ఫోన్ చేసి ఊరుకోవద్దు. పిల్లవాణ్ణి ఒంటరిగా వదలకండి. మార్కుల ప్రస్తావన తేవద్దు, పక్కింటి పిల్లల ఊసు అసలే వద్దు. అన్నం కలిపి పెట్టండి. చచ్చిపోవాలని ఉందా అని వాడిని సూటిగా అడగడానికి భయపడకండి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా రాదు, మనసులో ఉన్నది బయటికి చెప్పే వీలు దొరుకుతుంది. మాట్లాడకపోయినా, ఏ మాత్రం అనుమానం తోచినా టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత సేవ ఇది, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. వాళ్ళ నాన్న చేత కూడా ఒకసారి మాట్లాడించండి. సప్లిమెంటరీ ఫీజు మీరే వెళ్ళి కట్టండి. ఆ కాగితాలేవీ ఇప్పుడు వాడికి చూపించక్కర్లేదు.