అయస్కాంతం వద్ద ఆగిన బిడ్డను సీఎస్‌ఈ వైపు తోయవద్దు

ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఇంజినీరింగ్ కళాశాలలు వరుసకట్టి ఉండడంతో, కోహెడ వంటి గ్రామాల తల్లిదండ్రుల్లో ఎంపీసీ అంటే కంప్యూటర్ సైన్స్ (సీఎస్‌ఈ) సీటుకు మెట్టు అనీ, బీఎస్సీ ఫిజిక్స్ అంటే ర్యాంకు రాని పిల్లల దిక్కు అనీ ఒక నమ్మకం పాతుకుపోయింది. ఆగిరిపల్లిలో పుట్టి నిజాం కళాశాలలో ఫిజిక్స్ చదివిన శాస్త్రవేత్త సూరి భగవంతం, స్ఫటికాల సౌష్ఠవాన్ని లెక్కించే సమూహ సిద్ధాంతంపై వెంకటరాయుడుతో కలిసి 1948లో వెలువరించిన గ్రంథం ఆ నమ్మకానికి తగిన జవాబు.

అలాంటి స్ఫటికాల్లోనే ఒకటి లేదా కొన్ని పరమాణువుల మందమే ఉన్న పొరలను ద్విమితీయ పదార్థాలంటారు. ఎలక్ట్రాన్‌ను చిన్న అయస్కాంతంగా మార్చే స్పిన్ అన్ని దిశలకూ సమానంగా తిరగగలిగితే, అలాంటి పొరలో స్వల్ప వేడికే అయస్కాంత క్రమం చెదిరిపోతుందని 1966లో మెర్మిన్, వాగ్నర్ నిరూపించారు. అయినా 2017లో క్రోమియం ట్రైఅయోడైడ్ ఏకపొర 45 కెల్విన్ వరకు, అంటే మైనస్ 228 డిగ్రీల సెల్సియస్ వరకు, అయస్కాంతంగా నిలిచింది. స్పిన్‌లు ఒకే అక్షం వైపు మొగ్గే గుణం దాన్ని కాపాడింది. ప్రయోగపు అంకెలను అరువు తెచ్చుకోకుండా, ఏ పరమాణువు ఎక్కడుందో మాత్రమే తీసుకొని క్వాంటం సూత్రాల నుంచి ఇటువంటి గుణాలను గణించడమే మూలసూత్రాధార అధ్యయనం. స్పిన్‌లన్నిటినీ ఒకే వైపు నిలిపి ఒకసారి, పక్కపక్కవాటిని ఎదురెదురుగా నిలిపి మరోసారి మొత్తం శక్తిని లెక్కించి, తక్కువ శక్తి గల అమరికను ఎంచుతారు.

ఇటువంటి అధ్యయనం వైపు వెళ్లాలంటే, ఫిజిక్స్, గణితంతో డిగ్రీ చేసినవారు జామ్ ప్రవేశ పరీక్ష ద్వారా ఐఐటీల్లో, సీయూఈటీ పీజీ పరీక్ష ద్వారా హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీలో చేరవచ్చు.

భూమి అమ్మి మేనేజ్‌మెంట్ కోటా సీటు కొనడం, డిగ్రీ మొదటి ఏడాదే జామ్ కోచింగ్‌కు అప్పు చేయడం, డబ్బు కడితే పరిశోధన పత్రంలో పేరు వేయిస్తామనే దళారులను నమ్మడం కుటుంబాన్ని ముంచుతాయే తప్ప బిడ్డను శాస్త్రవేత్తను చేయవు. పరిశోధన దారి కూడా పూలబాట కాదు: నెట్ పరీక్షలో పరిశోధన ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) సాధించినవారికి 2023 నుంచి నెలకు రూ. 37,000 వస్తున్నా, పీహెచ్‌డీకి అయిదారేళ్లు పడుతుంది, అధ్యాపక పోస్టులు కొద్దిగానే ఉంటాయి. అందువల్ల ఈ లెక్కలకు వాడే లినక్స్, పైథాన్ మొదటినుంచీ నేర్చుకోవడం తప్పనిసరి, ఆ నేర్పు పరిశోధన వదిలినా అన్నం పెడుతుంది.

బిడ్డ మొగ్గును ర్యాంకుతో కొలిచే ముందు, ఇటువంటి గణనలు చేసే, ఉచితంగా దొరికే క్వాంటమ్ ఎస్‌ప్రెసో సాఫ్ట్‌వేర్‌ను ఇంటి ల్యాప్‌టాప్‌లో పెట్టి ఇనుము లెక్క చేయనివ్వాలి. ఒక్కో పరమాణువుకు దాదాపు 2.2 బోర్ మాగ్నెటాన్ల (పరమాణు అయస్కాంతత్వపు కొలమానం) అయస్కాంత బలం వచ్చేదాకా తప్పులు దిద్దుకుంటూ కూర్చున్న విద్యార్థిని ఎవరూ తొందరపెట్టకూడదు.